సారాయి చట్టమూ, మన ఇళ్లూ

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది మూడవ తరము తెలుగు. తాతగారు నోటితో తెచ్చినదానిలో నాయనగారు సగము నిలుపుకొన్నారు. మిగిలినది మేము కిరోసిన్ దీపము దగ్గర పెద్దబాలశిక్ష పట్టుకొని నేర్చుకొన్నాము. మాటలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

కార్యదర్శిగారు మమ్మల్ని మన పూర్వుల కష్టములను గురించి మాట్లాడమన్నారు. ఆ విషయము మీద ఇదే వేదిక మీద మేము నాలుగు పర్యాయములు మాట్లాడినాము. అందుచేత ఈసారి వేరొక విషయము అడిగి పుచ్చుకొన్నాము. ప్రభుత్వము తరఫున మద్యపు లైసెన్సుల చట్టమును అమలుపరచే ఇన్స్పెక్టరు పనిని గురించి చెప్పదలచినాము. పండుగ పూట సారాయి మాటేమిటి మాస్టారూ అని కొందరు అనుకోవచ్చును. మూడు తరాలు లెక్క పెడితే ఆ మాట తగలని ఇల్లు ఈ హాలులో ఎన్ని ఉన్నవో మీరే ఆలోచించుకోండి.

రెండు సంవత్సరముల క్రిందట మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చినది. ఓనమాలు మా దగ్గరే దిద్దినది. ఇప్పుడు మన క్వాజులు-నటాల్‌లో మద్యపు లైసెన్సులు చూచే అధికార సంస్థలో ఇన్స్పెక్టరుగా ఉన్నది. కాఫీ తాగి, చాలాసేపు ఊరికే కూర్చుండి, చివరకు ఇట్లా అన్నది: "మాస్టారూ, గుడిలో పంక్తి భోజనానికి కూర్చుంటే నా పక్క ఆకు ఎప్పుడూ ఖాళీగానే ఉంటున్నది."

ఆ మాట మమ్మల్ని చాలా దినములు వదలలేదు. మనవారికి ఇన్స్పెక్టరు అంటే ఎందుకింత జంకు? కారణము లేకపోలేదు. ఆ కారణము ముందు చెప్పవలెను.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరినది మీకందరికీ కంఠస్థమే. ఆ తరువాతి కథలో ఒక భాగమును మాత్రము మనము పిల్లలకు చెప్పము. ఈ దేశములో మద్యపు చట్టము మనిషి రంగును చూచి వ్రాయబడినది. 1908లో నటాల్ ప్రభుత్వము చేసిన చట్టమును పట్టుకొని డర్బన్ నగరపాలక సంఘము జొన్న బీరు అమ్మే హక్కును తన చేతిలోనే ఉంచుకొన్నది. ఆఫ్రికను కూలీ తాగిన బీరు డబ్బుతోనే ఆ కూలీల బారకులు కట్టి, వారి మీద అధికారము నడిపినది. ఇంట్లో కుండలో బీరు కాచుకొన్న స్త్రీని మాత్రము జైలుకు పంపినది. 1928 నాటి మద్యపు చట్టము ఆఫ్రికనులకు సారాయి అమ్మడమే నేరమన్నది. మన భారతీయుల మీద వేరే కట్టుబాట్లు పెట్టినది. నాయనగారు చెప్పేవారు: బారులో మనకని వేరుగా ఉంచిన మూలలో నిలబడి తాగి పోవచ్చునట, సీసా ఇంటికి తీసుకొని పోవాలంటే మాత్రము అనుమతి చీటీ కావాలట. గంట కొట్టేలోపల తాగవలసినదంతా తాగి, కాళ్లు నిలవకుండా ఇల్లు చేరేవారట. ఇంట్లో భార్యాబిడ్డల ముందు ఒక గ్లాసుతో ఆగిపోయే అలవాటు మనవారికి రాకపోవడానికి ఆ చీటీ కూడా కొంత కారణమని వారి అభిప్రాయము. మాకూ అది నిజమే అనిపిస్తుంది.

మా మేనత్తగారు కాటో మానర్‌లో కాపురమున్నారు. అక్కడ భూమి చాలావరకు మనవారిది, అద్దెకు ఉన్నవారు ఆఫ్రికనులు. 1959 జూనులో నగరపాలక సంఘమువారు స్త్రీల బీరు పీపాలు పగులగొట్టినప్పుడు ఆ స్త్రీలే కర్రలు పట్టుకొని బీరు హాలు మీదికి నడిచినారు. 1960 జనవరిలో అదే కాటో మానర్‌లో సారాయి సోదాకు వెళ్లిన పోలీసులు తొమ్మిదిమంది చంపబడినారు. వారిలో ఐదుగురు ఆఫ్రికనులే. ఆ రాత్రి మేనత్తగారు పిల్లలను మంచము క్రింద పడుకోబెట్టినారట. చివరకు 1962 ఆగస్టు 15న ఆఫ్రికనులు కూడా సీసా కొనవచ్చునని చట్టము మారినది. కొనడానికే గాని, బీదవారు అమ్ముకోవడానికి లైసెన్సు ఎవరిస్తారు?

ఇక మా ఇంటి సంగతి. దాచి లాభము లేదు. మా అవ్వ షిమియాన్ అమ్మినది. చక్కెర మిల్లులో మిగిలే నల్లటి మడ్డి పాకమును నీళ్లలో పులియబెడితే అది తయారవుతుంది. తాతగారు పోయిన తరువాత చెరకు తోటలో ఆమె కూలి ఐదుగురు పిల్లలకు చాలలేదు. పీపా కోళ్లగూటి క్రింద గుంటలో ఉండేది. పైన పలకలు, పలకల మీద మట్టి, మట్టి మీద కోళ్లు. అప్పుడు మాకు ఆరేండ్లు. రోడ్డు మలుపులో మామిడిచెట్టు మీద కూర్చుండడమే మా ఉద్యోగము. పోలీసు బండి కనబడగానే "అవ్వా, ఎర్రకోడి గోడ దూకింది!" అని కేక వేయాలి. ఎర్రకోడి మా ఇంట్లో లేనేలేదు. రెండుసార్లు దొరకకుండా తప్పించినాము, ఒకసారి చెట్టు మీద నిద్రపోయినాము. ఆ దినము మా అవ్వను తీసుకొని పోయినారు. మూడు రాత్రులు ఇంట్లో లేదు. తిరిగి వచ్చిన తరువాత మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. "నిద్ర వస్తే క్రిందికి దిగి పడుకోరా, పడిపోతావు" అని మాత్రమే అన్నది.

బడి పంతులు అయిన మాకు మొదటి పాఠము అబద్ధము చెప్పడమే. ఆ కాలములో అది తప్పని మేము ఇప్పటికీ అనము.

ఇప్పటి చట్టము వేరు. 1996 రాజ్యాంగములో మద్యపు లైసెన్సులు రాష్ట్రముల అధికారములో ఉంచబడినవి. కేంద్రము ఆ హద్దు దాటబోతే 1999లో రాజ్యాంగ న్యాయస్థానము ఆపినది. తరువాత కేంద్రము 2003లో తయారీదారులకు, టోకు వ్యాపారులకు ఒక చట్టము చేసినది, మన రాష్ట్రము 2010లో తన చట్టము చేసుకొన్నది. వాటిలో రంగు మాట లేదు. పద్ధెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదు అన్న మాట ఉన్నది. బడికి, ప్రార్థనా స్థలమునకు చాలినంత దూరము ఉండాలన్న మాట ఉన్నది. కొత్త అంగడి పెట్టేవారు ముందుగా ప్రకటన వేయాలని, ఇరుగుపొరుగువారు అభ్యంతరము వ్రాసి పంపవచ్చునని ఉన్నది. ఆ చివరి మాట కోసమే ఇంత దూరము మిమ్మల్ని తీసుకొని వచ్చినాము.

ఇన్స్పెక్టరు పని సినిమాలో మాదిరి తలుపులు పగులగొట్టడము కాదు. ఆ అమ్మాయి చెప్పినది మేము శ్రద్ధగా విన్నాము. ముందు తన నియామక పత్రము చూపాలి. గోడ మీద లైసెన్సు కనబడేటట్లు ఉన్నదా, ఆ సంవత్సరపు రుసుము కట్టినారా చూడాలి. లైసెన్సు మీది పేరు ఒకటి, కౌంటరులో కూర్చున్నవారు వేరొకరు అయితే అక్కడినుండి ప్రశ్నలు మొదలవుతాయి. లైసెన్సును అద్దెకిచ్చి ఎక్కడో హాయిగా కూర్చున్న పెద్దమనుషులు చాలామంది ఉన్నారట. బాటిల్ స్టోరు అయితే సీలు వేసిన సీసా అమ్మాలే గాని అక్కడే గ్లాసులో పోయరాదు. బిల్లుల కట్ట తీసి సరుకు ఎక్కడ కొన్నారో చూడాలి, ఎందుకంటే దొంగ సరుకు, కల్తీ సరుకు బిల్లు లేకుండానే వస్తుంది. తప్పు కనబడితే నోటీసు వ్రాసి, దిద్దుకోవడానికి గడువు ఇచ్చి, మళ్లీ వచ్చి చూడాలి. దినములో సగము కారులో, సగము కాగితములతో గడుస్తుంది. మొదటి సంవత్సరములోనే ఒక అంగడిలో బిల్లుల కట్ట మధ్యన ఒక కవరు పెట్టి ఇచ్చినారట. ఆమె కవరు మూయకుండానే కౌంటరు మీద పెట్టి, మిగిలిన బిల్లులు లెక్కపెట్టినదట. అందరు ఇన్స్పెక్టర్లూ అట్లా పెడతారని మేము ప్రమాణము చేయలేము.

2020 మార్చి ఆఖరున కరోనా కారణముగా సారాయి అమ్మకము పూర్తిగా ఆపినప్పుడు మీకందరికీ జ్ఞాపకమే, అనాసపండ్లు, ఈస్టు దుకాణాలలో దొరకలేదు. మన వీధులలో అనాస బీరు కాచని ఇల్లు వెతకవలసి వచ్చినది. జూను 1న తెరిచినారు, జూలైలో మళ్లీ మూసినారు. ఆ నెలలలో ఆమెకు నిద్ర లేదు. 2022 జూను 26న ఈస్ట్ లండన్‌లో ఒక టావర్నులో 21 మంది పిల్లలు ఒక్క రాత్రిలో చనిపోయినారు. వారిలో చాలామంది బడి పిల్లలు. ఆ మరుసటి వారము ఆమె ఏ అంగడికి పోయినా యజమానులే ఎదురు వచ్చి కాగితములు చూపించినారట. నెల తిరిగేసరికి మళ్లీ పాత కథే.

"అన్నిటికంటె కష్టము ఏదమ్మా?" అని అడిగినాము. కవరు అంటుందని, బెదిరింపులు అంటుందని అనుకొన్నాము.

"సంతకము, మాస్టారూ. పిల్లలకు అమ్ముతున్నారని వీధి వీధంతా చెప్తుంది. కాగితము ముందు పెడితే ఎవరికీ ఏమీ తెలియదు."

అని, ఇంకొక కాగితము మా ముందే పెట్టినది.

మేము పనిచేసిన బడికి దగ్గరలో ఒక బాటిల్ స్టోరు ఉన్నది. ఊరు చెప్పము, పేరు చెప్పము. యజమాని మనవారే, మంచివారే, చేయి పెద్దది. మా సాయంకాలపు బడికి పుస్తకములు, బల్లలు ఆయన ఇచ్చినవే. ఆ అంగడి వెనుక ఒక కిటికీ. మధ్యాహ్నము బడి వదలిన తరువాత యూనిఫారము మీద స్వెట్టరు తొడుగుకొని పిల్లలు ఆ కిటికీ దగ్గరకు పోతారు. ఒక దినము ఉదయము ప్రార్థన వేళ తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఒకడు మా కాళ్ల దగ్గరే కూలిపోయినాడు. సంచిలో సీసా ఉన్నది. మేము ఆయన దగ్గరకు పోయి ఏకాంతముగా చెప్పినాము. ఆయన చేతులు జోడించినారు, మనుమల మీద ఒట్టు పెట్టినారు. మూడు వారములు కిటికీ మూసి ఉన్నది. నాలుగవ వారము తెరిచినారు. మేము మళ్లీ పోలేదు. బల్లలు జ్ఞాపకము వచ్చినవి. ఏడు నెలలు గడిచిపోయినవి.

అమ్మాయి కాగితము పెట్టినప్పుడు మూడు దినములు గడువు అడిగినాము. ఆ మూడు రాత్రులు మామిడిచెట్టు కలలోకి వచ్చినదని చెప్తే మీరు నవ్వుతారు. మా ఇంటామె మాత్రము ఒక మాట అన్నది: "మీ అవ్వ ఐదుగురు పిల్లలకు అన్నము పెట్టడానికి పీపా దాచినది. ఈయన ఎవరికి అన్నము పెట్టడానికి కిటికీ తెరిచినాడు? మీరింకా చెట్టు మీదనే కూర్చున్నారేమిటి?"

సంతకము పెట్టినాము. విచారణకు కూడా పోయినాము. ఆయన తరఫు వకీలు చాలా మర్యాదగా అడిగినాడు. ఈ వ్యాపారి దగ్గర మీరు విరాళము తీసుకొన్నారా? తీసుకొన్నాము. కిటికీ సంగతి మీకు ఎంత కాలముగా తెలుసు? ఏడు నెలలుగా. ఏడు నెలలు ఎవరికి ఫిర్యాదు చేసినారు? ఎవరికీ లేదు. అయితే ఏడు నెలలు మీరు కూడా కాపలా కాచినారన్నమాట. అవునని చెప్పవలసి వచ్చినది. ముప్పై ఎనిమిదేండ్ల ఉద్యోగములో ఏ పిల్లవాడి ముందూ మేము అట్లా తల వంచలేదు.

లైసెన్సు కొన్ని వారములు నిలిపివేసినారు. కిటికీకి ఇటుకలు కట్టించినారు. ఆయన ఇప్పుడు మాతో మాట్లాడరు. సాయంకాలపు బడి నుండి నాలుగు ఇళ్లవారు పిల్లలను మాన్పించినారు. పుస్తకములు మేమే చందా వేసుకొని కొన్నాము, తక్కువ పడినవి జిరాక్సు తీసినాము. సన్నగా ఉన్నవి, పరవాలేదు, అక్షరములు కనబడుతున్నవి. తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఇప్పుడు పన్నెండుకు వచ్చినాడు. బాగుపడినాడా అంటే, సగము బాగుపడినాడు.

ఇంకొక మాట చెప్పి కూర్చుంటాము. గత వారము ప్రాథమిక పాఠశాల వీధిలో, మూతపడిన మంగలి అంగడి అద్దము మీద ఒక ప్రకటన అంటించినారు. ఇంగ్లీషులో సన్న అక్షరములలో ఉన్నది. అది కొత్త టావర్ను కోసము దరఖాస్తు. అభ్యంతరము పంపడానికి గడువు ఆ కాగితము మీదే ఉన్నది. నకళ్లు తలుపు దగ్గర బల్ల మీద ఉంచినాము. టావర్ను వద్దు అనేవారు వద్దు అని వ్రాయండి, రావాలి అనేవారు అదే వ్రాయండి. ఏది వ్రాసినా పేరు, చిరునామా, సంతకము ఉండాలి. కలములు మేము తెచ్చినాము, దయచేసి తిరిగి బల్ల మీదే పెట్టండి.

ఆ అమ్మాయి కూడా ఈ సాయంత్రము వచ్చి ఉన్నది, ఉద్యోగము మీద కాదు, భోజనానికి. ఆమె ఆకు పక్కన మా ఆకు వేయమని వడ్డించేవారికి చెప్పి ఉంచినాము. రెండవ పక్క ఇంకా ఖాళీగానే ఉన్నది.