తాళం వేసిన ఇంటికి కాపలా యంత్రం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



హజ్ యాత్రకు పోయినా, హైదరాబాదులో పెళ్లికి పోయినా, గల్ఫ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి పోయినా ఇంటికి తాళం పడుతుంది. అందుకని కొందరు కదలికను పసిగట్టే సెన్సార్లు పెట్టించుకుంటున్నారు. మంచిదే. కాని అది దేన్ని పసిగడుతుందో, ఎప్పుడు పసిగట్టలేదో తెలియకుండా దాని మీద భారం వేయరాదు. ఆ సంగతే మనవి చేస్తాను.

ఎక్కువ ఇళ్లలో పెట్టే ఆ చిన్న తెల్ల డబ్బాకు మనిషి ముఖంతో పని లేదు, వేడితోనే పని. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనబడని కిరణాలు వెదజల్లుతుంది. వీటిని పరారుణ కిరణాలంటారు. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపుకు అవతల, ఏ రంగూ లేని చోట థర్మామీటరు పెట్టి చూస్తే అక్కడా వేడి పెరిగింది. అట్లా ఇవి బయటపడ్డాయి.

డబ్బాలో ఉండే పదార్థం మీద పడే వేడి మారితే స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది, మారకుంటే పుట్టదు. ముందున్న ప్లాస్టిక్ బిళ్ల గదిని విసనకర్ర మడతల మాదిరి భాగాలు చేస్తుంది. దొంగ ఆ భాగాలను అడ్డంగా దాటితే వేడి ఎక్కువ తక్కువలై సైరన్ మోగుతుంది. నేరుగా ఎదురొచ్చే మనిషిని అంత తొందరగా పసిగట్టదు. కనుక నడిచే దారికి పక్కగా, సుమారు ఏడడుగుల ఎత్తున బిగించాలి. కిటికీ గాజు అవతల మనిషిని అది గుర్తించదు.

ఇక అసలు మాట. మన నల్లగొండ ఎండలు మీకు చెప్పనక్కర లేదు. మూసిన ఇంట్లో గోడలు 35 డిగ్రీల దాకా కాగితే, మనిషి ఒంటి పైవేడి కూడా ఇంచుమించు అంతే. తేడా లేకపోతే యంత్రానికి మనిషీ గోడా ఒక్కటే గదా! మంచి రకాల్లో దీన్ని కొంత సవరించే ఏర్పాటు ఉంటుంది, కొనేటప్పుడు అడగండి. తలుపులకు అయస్కాంతపు స్విచ్చి కూడా పెట్టించండి. తలుపు తెరిస్తే చాలు, ఎండలతో నిమిత్తం లేకుండా అది పని చేస్తుంది. ఊరికి పోయే ముందు మీరే గదిలో నడిచి పరీక్షించండి, బ్యాటరీ చూసుకోండి.

పిల్లి తిరిగినా, ఆ బిళ్ల మీద పురుగు పాకినా సైరన్ మోగవచ్చు. నాలుగుసార్లు ఊరికే మోగితే ఐదోసారి ఎవరూ లేవరు. మోగినప్పుడు లేచి వచ్చేది పొరుగువారే. ఆ పొరుగు హిందువుదైనా ముస్లిందైనా, పోయే ముందు ఒక మాట చెప్పి పోండి. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్ మీద భరోసా ఉంచమన్నది మనకు తెలిసిన బోధే. యంత్రం ఆ తాడు. ముడి బిగువు చూసుకోవడం మన పని.