పంచాయతీ లెక్క మన లెక్కే
(వాడ మీటింగులో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలు వెట్టి చేసిన కాలాన పొలం ఎవరిదో, శిస్తు ఎంతో కరణం పుస్తకంలో ఉండేది. తెలంగాణలో పట్వారీ. దున్నేది మనం, రాసేది వాళ్ళు. 1984లో కరణాలు పోయారు. పుస్తకం మాత్రం మన చేతికి రాలేదు. బీరువా మారింది. తాళంచెవి పట్టిన చెయ్యి మారిందా? మీరే చెప్పండి.

వాడకి సిమెంటు రోడ్డు వేశామని రాస్తే, వెయ్యని రోడ్డుకి కూడా బిల్లు లేస్తుంది. అడిగితే "నీకెందుకురా" అంటారు. ఎందుకంటే ఆ డబ్బు మనది గనక.

మహద్ చెరువు సంగతి గుర్తుచేసుకోండి. ప్రభుత్వ చెరువులు అందరివీ అని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. అయినా మనోళ్ళని నీళ్ళు ముట్టనివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచివెళ్ళి తాగారు. అది మా సొంత చెరువని అగ్రకులాలవాళ్ళు కోర్టుకెక్కారు. 1937లో బొంబాయి హైకోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. కాయితం మీది హక్కు, నడిచివెళ్ళి పట్టుకుంటేనే హక్కు.

రాజస్థాన్ కూలీలు చేసిందీ అదే. 1994లో కోట్ కిరానా ఊళ్ళో పనుల లెక్కలు జనం మధ్య చదివించారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. మా డబ్బుకి మా లెక్క అన్నారు. ఆ పోరాటం లోంచే 2005 సమాచార హక్కు చట్టం వచ్చింది. ఎవరూ దానం చెయ్యలేదు.

ఇక పని మాట. అర్జీ పంచాయతీ సెక్రటరీకి పెట్టండి. గ్రామస్థాయిలో అర్జీ ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ఎక్కడా ఫీజు లేదు, రుజువు జతచెయ్యాలి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, రాసిపెట్టాల్సిన బాధ్యత ఆ అధికారిదే. ఎందుకని అడిగే హక్కు వాళ్ళకి లేదు.

"రోడ్డు ఎందుకు వెయ్యలేదు" అని రాయకండి. ఏ సంవత్సరం, ఏ పని, ఏ కాయితం అని రాయండి. తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్కు, ఎం.బి., ఓచర్లు అడగండి. కూర్చుని చూస్తామన్నా చూపించాలి. మనోళ్ళకిచ్చిన డి-పట్టా, లావణి భూమి ఇవ్వాళ ఎవరి పేరున ఉందో తహసీల్దారు ఆఫీసులో అడగండి.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో పై అధికారికి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లో కమిషన్‌కి. తగిన కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు.

2023 డేటా చట్టం ఈ హక్కుకి ఒక గండి కొట్టింది. "వ్యక్తిగత సమాచారం" అని తిప్పిపంపుతారు. 8(2) సెక్షన్ ఇంకా బతికే ఉంది. ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చని అది చెబుతుంది. అప్పీలులో అదే రాయండి.

ఆఖరి మాట. ఒక్కడే అడిగితే ఆ ఒక్కణ్ణి బెదిరిస్తారు, కూలి మాన్పిస్తారు. ఒకే అర్జీ ఇరవై మంది పెట్టండి. ఆడవాళ్ళు ముందుండండి. రసీదు తీసుకోండి. నకలు వచ్చాక ఇంట్లో దాచకండి, వాడ నడిమధ్య చదవండి. ఏ రోడ్డు ఉందో, ఏ రోడ్డు కాయితంలోనే ఉందో జనమే తేలుస్తారు.

జై భీమ్!