ఈ పటము ఎవరిది?
(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ దినము మన ధ్యానమునకు యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయము తీసుకుందాము. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన తరువాత యెహోషువ నదిలో నుండి తెచ్చిన పన్నెండు రాళ్లను గిల్గాలులో నిలువబెట్టించాడు. ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే తండ్రులు జవాబు చెప్పాలి. రాయి తనంతట తాను మాట్లాడదు. అడిగే పిల్లలుండాలి, చెప్పే పెద్దలుండాలి.

మన ఇళ్లలోనూ అటువంటి రాళ్లున్నవి. ఖాకీ బట్టలు, తలపాగా, నడుముకు పట్టీ, స్టూడియోలో నిటారుగా నిలబడిన పడుచువాని ఫోటో. కొన్ని ఇళ్లలో అది గోడ మీద ఉంటుంది, కొన్ని ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది. పెంకుటిల్లు తీసి స్లాబు వేసేటప్పుడు, చెదలు పట్టిందని పారవేసే సామానులో అదీ పోతున్నది. ఆయన ఎవరని అడిగితే, "తాత అట, మిలిటరీలో చేసినాడట" అన్నంతవరకే చెప్పగలుగుతున్నాము.

సహోదరులారా, ఆ "అట" వెనుక ఎంత ఉన్నదో ఆలోచించండి. 1914 నుండి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధములో భారతదేశము నుండి పది లక్షలకు మించి మనుష్యులు సేవ చేశారు. మన హైదరాబాదు సంస్థానపు లాన్సర్లు, అనగా గుర్రపు దళము, ఈజిప్టుకు, పాలస్తీనాకు వెళ్లారు. మనము బైబిలులో చదువుకొనే ఆ నేల మీద వారి గుర్రములు నడిచినవి. ఢిల్లీలోని తీన్ మూర్తి వద్ద నిలిచిన మూడు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానముల సైనికులకు గుర్తు.

రెండవ ప్రపంచ యుద్ధములో దాదాపు ఇరవై ఐదు లక్షలమంది భారతీయులు చేరారు. కోస్తాలో పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునుండి ఎంతమంది వెళ్లారంటే, ఆ ఊరికి మిలిటరీ మాధవరము అనే పేరు నిలిచిపోయింది. 1941 డిసెంబరులో జపాను సేన మలయాలోని కోటబారులో దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయమునకు కాపలా ఉన్నవారిలో హైదరాబాదు సంస్థానపు పటాలము ఒకటి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. వేలాది భారత సైనికులు బందీలయ్యారు. సింగపూర్‌లోని క్రాంజీ స్మారకము గోడల మీద, సమాధి ఎక్కడో తెలియని 24 వేలమందికి పైగా పేర్లు చెక్కి ఉన్నవి. అటువంటివాని తల్లికి కొడుకు సమాధి లేదు. ఫోటో ఉంటే ఆ ఫోటోయే సమాధి.

అయితే ఒక చిక్కు ఉన్నది. కొందరికి ఆ ఫోటో చూస్తే గర్వము, కొందరికి మొగమాటము. మా తాత తెల్లదొరల కొరకు పోరాడాడా? నిజాము సైన్యములో ఉన్నాడా? 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చినప్పుడు ఏ వైపు నిలబడ్డాడు? ఈ ప్రశ్నలకు భయపడి ఫోటో దాచేవారు ఉండవచ్చు. ప్రియులారా, ఇంట్లో గింజలు లేక, అప్పు తీరక, నెల జీతము కొరకు పటాలములో చేరినవారు ఎందరో. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పడము వారికి అవమానము కాదు.

మత్తయి సువార్త మొదటి అధ్యాయములోని వంశావళి గమనించారా? అందులో ఊరియా పేరు ఉన్నది. ఊరియా ఎవరు? ఒక సైనికుడు. దావీదు అతని భార్యను తీసుకొని, అతన్ని యుద్ధములో ముందు వరుసలో నిలబెట్టించి చంపించాడు. రాజవంశమునకు అది సిగ్గు. అయినను సువార్తికుడు ఆ పేరు చెరిపివేయలేదు. దేవుని గ్రంథము కుటుంబ చరిత్రను కడిగి తెల్లగా చూపించదు. మనమెందుకు చూపించాలి? తాతను వీరుడని పొగడనక్కరలేదు, దోషి అని దాచనక్కరలేదు. ఆయన కూడా ఒక తల్లి బిడ్డ. ఆయన తుపాకికి ఎదురుగా నిలిచినవాడు కూడా ఒక తల్లి బిడ్డే. ఈ రెండూ పిల్లలకు చెప్పండి.

కనుక ఈ వారము ఒక పని చేయండి. ఫోటోను ఎండ తగలని, తేమ లేని చోట పెట్టండి. మెత్తని పెన్సిలుతో వెనుక పేరు, ఊరు వ్రాయండి. టోపీ మీది గుర్తు, భుజము మీది అక్షరములు చూడండి. వాటిని బట్టి పటాలము తెలియవచ్చును. మొదటి యుద్ధపు పతకము ఉంటే దాని అంచు మీద పేరు, నంబరు చెక్కి ఉంటాయి. యుద్ధములో మరణించినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి జాబితాలో పేరు వెతకవచ్చును. అన్నిటికంటె ముందు, ఇంట్లోని ముసలమ్మ దగ్గర కూర్చుని అడగండి. ఆమె కన్నుమూస్తే ఆ జవాబు మరెక్కడా దొరకదు.

ప్రార్థించుకుందాము. పరిశుద్ధుడవైన తండ్రీ, దూరదేశములలో పడిపోయిన వారి పేర్లు నీకు తెలియును. వారిని మరువకుండునట్లు మాకు జ్ఞాపకము దయచేయుము. సరిహద్దులలో ఉన్న బిడ్డలను కాపాడుము. మా పిల్లలు అడిగినప్పుడు సత్యము చెప్పే ధైర్యము మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.