బుల్లీ యను మాట కథ



పట్టణపు హాస్టళ్లనుండి సెలవులకు వచ్చిన మన పిల్లల నోట 'బుల్లీయింగు' అను ఆంగ్లపదము తరచుగా వినబడుచున్నది. చెవికది మన 'బుల్లి' యను ముద్దుమాటవలె తోచును. అర్థము మాత్రము వేరు. బలముగాని గుంపుగాని గలవాడు, ఎదిరింపలేనివానిని మాటిమాటికి వెక్కిరించి, బెదిరించి, అవమానించి, కొట్టి సంతోషించుటకు ఆ పేరు. అట్లు చేయువాడు బుల్లీ. సమానబలులైన యిరువురు పోట్లాడుకొనినచో అది జగడమేగాని బుల్లీయింగు కాదు.

ఈ మాట యెట్లు పుట్టినది? ఆంగ్లమున 'బుల్' అనగా ఆబోతు. అచ్చుపోసిన ఆబోతు ఎవరి చేనిలో పడి మేసినను అడ్డగించువా డుండడు గదా. ఆ పోలికనుబట్టియే యీ మాట వచ్చినదని మీరూహింపవచ్చును. ఊహ చక్కనిదే, కాని చరిత్ర వేరుగా నున్నది. ఈ పదము 16వ శతాబ్దమున ఆంగ్లమున కనబడినది. పూర్వపు డచ్చిభాషలోని 'బూలె' యను మాట దీనికి మూలమై యుండునని నిఘంటుకారుల తలంపు. బూలె యనగా ప్రియుడు, సోదరుడు. ఆ దినములలో ఒకరినొకరు 'బుల్లీ' యని పిలుచుట, మనము 'నాయనా, తమ్ముడా' యని పిలుచుకొనుటవంటిది. షేక్స్‌పియరు మహాకవి నాటకమొకదానిలో, నాటకమాడబూనిన పనివారు తమ తోడి సాలెవానిని ఆప్యాయముగా అట్లే పిలుతురు. తరువాత ఆ మాటకు 'మంచి గట్టివాడు' అను అర్థము కలిగినది. ఆపైన 'బడాయికోరు' అనియు, 17వ శతాబ్ది చివరకు 'బలహీనులను పీడించువాడు' అనియు అర్థము మారినది.

సోదరవాచకము దుష్టవాచక మగుట మనకు వింత కాదు. బెంగాలీ, మరాఠీ భాషలలో 'దాదా' యనగా అన్న. నేడు బజారులో దాదా యనగా ఎవడో మీకు తెలియును. మన 'దొర' యను మాటనే చూడుడు. అది ప్రభువను గౌరవార్థము గలది. వెట్టిచాకిరి దినములలో నల్లగొండ జిల్లా పల్లెలయందు 'నీ బాంచను దొరా, కాల్మొక్కుతా' అని వంగి పలుకవలసివచ్చినప్పుడు అదియే భయవాచకమైనది. 1946 నుండి 1951 వరకు సూర్యాపేట, హుజూర్‌నగరు, మిర్యాలగూడ తాలూకాల రైతులు సాగించిన పోరాటము భూమికొరకే కాదు, ఆ భయమును వదిలించుకొనుటకును గూడ. మాటలు తమంత తాము చెడవు. పెద్దవాడు తన పెద్దరికమును చెడగొట్టుకొనిన పిదపనే మాట చెడును.

కళాశాలలయందు ఈ తెగులునకు 'ర్యాగింగు' అని పేరు. పరిచయము చేసికొందుమను నెపమున, ముందు చేరినవారు క్రొత్తవారిచేత దండములు పెట్టించుకొందురు, 'అన్నా' యని పిలిపించుకొందురు, పిదప అవమానింతురు. అన్న యను మాట మరల చెడుచున్నది. 2022 జనవరిలో సూర్యాపేట ప్రభుత్వ వైద్యకళాశాల వసతిగృహమున ప్రథమ సంవత్సరపు విద్యార్థి నొకనిని పైతరగతివారు ఇట్లే బాధించిరి. ఆ బాలుడు మౌనము వహింపక తండ్రికి ఫోను చేసెను. పోలీసులు వచ్చిరి. ఆరుగురు విద్యార్థులను ఒక యేడాదిపాటు కళాశాలనుండి తొలగించి యుంచిరి. ఆ యొక్క ఫోనుమాట యెంత పని చేసినదో గమనింపుడు.

దీనికి చట్టము గలదు. ఆంధ్రప్రదేశ శాసనసభ 1997లో చేసిన ర్యాగింగు నిషేధచట్టము నేడు తెలంగాణమునను వర్తించును. అవమానించినచో 6 నెలలవరకు, కొట్టినను బెదిరించినను ఏడాదివరకు జైలుశిక్ష. ఒక ప్రాణము పోవుటకు కారకులైనచో యావజ్జీవశిక్షయు కలుగవచ్చును. ఫిర్యాదు వినియు ఊరకున్న కళాశాలాధిపతియు అపరాధమునకు తోడ్పడినవాడుగా నెంచబడును. పిల్లలుగాని తల్లిదండ్రులుగాని 1800-180-5522 అను నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

'మేమును పడితిమి, పిల్లవాడు గట్టిపడును లెమ్ము' అని కొందరు పెద్ద లందురు. అయ్యా, గట్టిపడునది పిల్లవాని గుండె కాదు. మరుసటి యేట క్రొత్తవానిపై తీర్చుకొనవలెనను కసి. కోదాడలోనో మిర్యాలగూడలోనో చదువుచున్న మనుమడు పండుగకు వచ్చి, తిరిగి పోనని మారాము చేసినచో, ఫీజు కట్టితిమని గద్దించి బస్సెక్కింపకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నిన్నెవరైన బాధించుచున్నారా యని మెల్లగా అడుగుడు. పెద్దతరగతిలో నున్నవానిని ఇంకొక ప్రశ్న అడుగుడు: నీవెవరినైన బాధించుచున్నావా? ఈ రెండవ ప్రశ్న అడుగుట కష్టము. మన బిడ్డ అట్టివాడు కాడని ప్రతి తండ్రియు నమ్మును. బాధించిన బిడ్డయు ఏదో యొక యింటి బిడ్డయే గదా.

ఆంగ్లేయుల బుల్లీ మరల సోదరుడు కాలేడు. ఆ మాట చెడిపోయి మూడు వందల యేండ్లు దాటినది. మన 'అన్న' యను మాట యింకను బ్రతికియున్నది. చిన్నవానికి అండగా నిలుచువాడే అన్న యని మన యిండ్లలో నేర్పి, ఆ మాటను కాపాడుకొందము.