కాస్త తకలీఫ్ కూడా కావాలి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మమ్ములను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. మేము డాక్టరులం కాము. అయినా వైద్య సహాయం కోరుతూ మన సంఘానికి వచ్చే అర్జీలు చూస్తే షుగరు, బి.పి., గుండె జబ్బు అనే పేర్లే ఎక్కువగా కనబడుతున్నవి. నలభై ఏళ్లకే ఇంటి యజమాని మంచం పడితే ఆ ఇంట్లో మొదట ఆగిపోయేది పిల్లల చదువు. అందుకే నాలుగు మాటలు చెప్పడానికి ఒప్పుకున్నాము.

మన పెద్దల కాలంలో నీళ్లు బావి నుండి తోడేవారు. మసాలా రోట్లో నూరేవారు. నేల మీద దస్తర్‌ఖాన్ పరచి, కూర్చుని తిని, చేయి ఆన్చకుండా లేచేవారు. ఇప్పుడు మోటారు వచ్చింది, మిక్సీ వచ్చింది, డైనింగ్ టేబులు వచ్చింది. ఫోను నొక్కితే బిర్యానీ గుమ్మం ముందుకు వస్తున్నది. వీటిని తీసి పారేయమని మేము అనడం లేదు. బిందెలు మోసి మోసి నడుము వంగిపోయిన అమ్మలను చూసిన వాళ్లం మనం. అయితే ఈ యంత్రాలు మిగిల్చిన గంటలన్నీ ఎక్కడికి పోయినవి? సోఫా మీదికి, టీవీ ముందుకు, సెల్‌ఫోను లోపలికి పోయినవి.

మన శరీరం గట్టి లెక్కలున్న దుకాణదారు వంటిది. ఎవరూ అడగని సరుకును నిల్వ ఉంచదు. మోసే బరువును బట్టే ఎముక తన కట్టడాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అంతరిక్షంలో శరీరానికి బరువు తెలియదు. తగిన వ్యాయామం లేకపోతే అక్కడ వ్యోమగాముల తుంటి ఎముక నెలకు సుమారు నూటికి 1 వంతు తరిగిపోతుంది. అందుకే వారు రోజుకు రెండు గంటల దాకా వ్యాయామం చేస్తారు. ఆకాశంలో ఉన్నవారికే ఇంత మెహనత్ తప్పకపోతే నేల మీద ఉన్న మన సంగతేమిటి?

లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు రోజంతా మెట్లు ఎక్కి దిగుతాడు. బస్సు అదే, రోడ్డూ అదే. గుండె జబ్బు మాత్రం కండక్టర్లలో తక్కువగా కనబడింది. కూర్చుని పనిచేసే గుమాస్తాల కంటే తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్‌లలో కూడా తక్కువే. తర్వాత డ్రైవర్ల యూనిఫారాల కొలతలు చూస్తే, వారు ఉద్యోగంలో చేరేటప్పటికే కొంచెం లావుగా ఉన్నారని తేలింది. అయినా నడక గుండెకు మేలన్న మాటను ఆ తర్వాతి పరిశోధనలెన్నో బలపరచినవి.

షుగరు సంగతీ అంతే. కండరం పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరను తనలోకి లాక్కుంటుంది. కదలని కండరం తక్కువ తీసుకుంటుంది, మిగిలింది రక్తంలోనే తిరుగుతుంది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే లెక్క ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరో 13 కోట్లకు పైగా జనం దాని గడప దగ్గర నిలబడి ఉన్నారు.

ఇక రోజా మాట. ఆకలిగా ఉన్న కణం తనలోని పాడైన భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకుంటుంది. ఈ పని జరిగే తీరును ఈస్టు కణాలలో కనిపెట్టినందుకు జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. దీన్ని పట్టుకుని రోజాతో అన్ని జబ్బులూ పోతాయని చెప్పడం తగదు. రోజా అల్లాహ్ కోసం ఉండేది. పగలంతా ఆగి, ఇఫ్తారు వేళ బజ్జీలు, సమోసాలు, షర్బత్తులతో కడుపు నింపితే శరీరానికి దక్కేదేమిటి? షుగరు మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగవలెను. రోగికి మినహాయింపు ధర్మమే ఇచ్చింది.

కష్టమంటే ఏ కష్టమైనా మేలు చేస్తుందని అనుకోవద్దు. మేలు చేసేది కొలత గల కష్టం, దాని వెంట విశ్రాంతి. కండరం శ్రమలో కొద్దిగా దెబ్బ తిని, నిద్రలో మరమ్మతై గట్టిపడుతుంది. విశ్రాంతి లేని శ్రమ, తీరని అప్పు, ఆడపిల్ల పెళ్లి ఖర్చుల దిగులు మనిషిని లోపలి నుండి తినేస్తవి. రిక్షా తొక్కే భాయికి, మూటలు మోసే హమాలీకి మెహనత్ గురించి ఉపన్యాసం అక్కరలేదు, కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర కావాలి. పొద్దంతా ఒక్కచోటే కూర్చుని పొగాకు ధూళిలో బీడీలు చుట్టే ఆడకూతురికి కాస్త గాలి, కాస్త నడక కావాలి.

ఆడవాళ్ల విషయం మరీ ముఖ్యం. పర్దా పేరు చెప్పి వారికి నడకను కూడా లేకుండా చేస్తున్నాము. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు హజ్రత్ ఆయిషాతో పరుగు పందెం వేశారని హదీసులో ఉన్నది. జీవితమంతా పైసా పైసా కూడబెట్టి హజ్‌కు వెళ్తాము. సఫా మర్వాల మధ్య ఏడు మార్లు నడిస్తే సుమారు 3 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి మోకాళ్లు సహకరించక చక్రాల కుర్చీ వెతుక్కునే వారు ఎందరో! ఆ నడకకు తయారీ ఇక్కడ, ఇప్పుడే మొదలు పెట్టవలెను.

పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక వంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మసీదు అర కిలోమీటరు దూరముంటే ఐదు పూటలా రాకపోకలకు 5 కిలోమీటర్లు అవుతుంది. మనమేమో మోటారు సైకిలు స్టార్టు చేస్తాము!

సంఘం పెద్దలకు రెండు మనవులు. పెళ్లిళ్లు లేని రోజుల్లో షాదీఖానా హాలును ఉదయం ఒక గంట ఆడవాళ్ల నడకకు తెరిచి ఉంచండి. రెండు నెలలకొకసారి జుమా నమాజు తర్వాత బి.పి., షుగరు పరీక్షలు పెట్టించండి. జబ్బు ముదిరాక ఇచ్చే వేల రూపాయల కంటే ముందుగా చేసే ఈ చిన్న ఖర్చు ఎంతో మేలు.

ఈ సభ ముగిశాక దగ్గరలో ఇళ్లున్నవారు నడిచే వెళ్లండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం, దాన్ని కాపాడుకునే బుద్ధి ప్రసాదించు గాక! ఆమీన్. ఖుదా హాఫిజ్.