స్కానింగుకు ముందు మందుల సంచీ

నడుం నొప్పి ఎరగని ఇల్లాలు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? నొప్పి కాలికి పాకి తిమ్మిరి పట్టాక డాక్టరుగారు "వెన్నుకు స్కానింగు తీయించండి" అంటారు. ఆ మాట విన్న రోజుకీ, ఆ గదిలో అడుగుపెట్టే రోజుకీ మధ్య మనం ఇంట్లో చేసే పనుల గురించే ఇవాళ నా మాటలు.

మా చిన్నమ్మది మన్ననూరు. శ్రీశైలం రోడ్డు మీద, నల్లమల మొదలయ్యే చోట అటవీశాఖ చెక్‌పోస్టు ఉన్న ఊరు. అక్కణ్ణుంచి హైదరాబాదు రావాలంటే, ఆ నడుంతో మూడు గంటల పైన బస్సులో కూర్చోవాలి. ఇంతదూరం వచ్చి పనికాకుండా తిరిగిపోతానేమోనని ఆమె భయం. అందుకని ఇరుగుపొరుగుని అడిగి అన్నీ ముందే సిద్ధం చేసుకుంది. గుండెకు స్టెంటు వేసి అప్పటికి ఎనిమిది నెలలు. రక్తం పలచన చేసే మాత్రలు రోజూ రెండు వేసుకోవాలి. "మా ఆయనకు వెన్ను పరీక్షప్పుడు ఆ మాత్రలు ఆపించిన్రు, నువ్వు కూడా ఆపు" అందట పక్కింటావిడ. ఈవిడ ఆపేసింది. ఒకరోజు కాదు, అయిదు రోజులు! మాకెవరికీ చెప్పలేదు.

స్కానింగు సెంటరులో కాగితం నింపే అమ్మాయి "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగినప్పుడు సంగతి బయటపడింది. ఆ పిల్ల ముఖం మారిపోయింది. వెంటనే గుండె డాక్టరుగారికి ఫోను చేశాం. ఎవరు ఆపమన్నారని ఆయన కేకలేశారు. మరి స్టెంటులో రక్తం గడ్డకడితే గుండెపోటే కదండీ! ఆయన చెప్పినట్టు మాత్రలు వేయించి, ఇ.సి.జి. తీయించాకే మళ్ళీ స్కానింగు మాట ఎత్తాం. ఏమీ కాలేదు గనక ఇలా చెప్పుకుంటున్నాను.

పక్కింటావిడ అబద్ధమాడలేదు. వాళ్ళాయనకు చేసింది మైలోగ్రామ్. నడుం దగ్గర సూది గుచ్చి, వెన్నులోని నీటిలోకి రంగుమందు ఎక్కించి ఫొటోలు తీస్తారు. సూది గుచ్చిన చోట లోపల నెత్తురు కారి నరాలను నొక్కకుండా పలచన మందులు కొన్నింటిని ఆపిస్తారు. అదీ గుండె డాక్టరుతో మాట్లాడాకే. చిన్నమ్మకు రాసింది మామూలు ఎం.ఆర్.ఐ. సూదీ లేదు, రంగుమందూ లేదు, ఉన్నదల్లా పెద్ద అయస్కాంతం. దానికి సాధారణంగా రోజువారీ మాత్రలు ఆపనక్కర్లేదు. మత్తు ఇస్తామంటే తప్ప ఉపవాసమూ అక్కర్లేదు. షుగరు మాత్ర మింగి కడుపు మాడ్చుకుంటే కళ్ళు తిరిగి పడేది మనమే.

అందుకే స్కాను రాసినప్పుడే అడగండి, సూది ఉందా, రంగుమందు ఉందా అని. సి.టి. స్కానుకు నరంలోకి అయోడిన్ రంగుమందు ఎక్కించేటట్టయితే మూత్రపిండాల పనితీరుకు క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. అవి బాగా దెబ్బతిని ఉంటే మెట్‌ఫార్మిన్ ఆపించి, 48 గంటలయ్యాక మళ్ళీ పరీక్ష చూసి మొదలుపెట్టిస్తారు. ఎప్పుడైనా రంగుమందుకు దద్దుర్లు, ఆయాసం వచ్చుంటే దాచకండి. మందుల దుకాణంలో అడిగి మింగే నొప్పి బిళ్ళలూ, ఎవరో ఇచ్చిన పొడులూ మనకు మందుల లెక్కలోకి రావు. మూత్రపిండాలకు వస్తాయి! మాత్రలు విడిగా కొంగున కట్టుకోకుండా, అట్టలతో సహా అన్నీ ఒక సంచీలో వేసుకెళ్ళండి.

పేస్‌మేకరుగానీ, ఒంట్లో క్లిప్పులుగానీ ఉన్నా, గర్భమని అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. స్టెంటు కాగితం చూసి చిన్నమ్మకు ఫరవాలేదన్నారు. నడుముకు అంటించిన నొప్పిపట్టీ కూడా పీకించారు. కొన్ని పట్టీల్లో లోహపు పొర ఉంటుంది, కాలుతుందట. తలపిన్నులు, పిన్నీసులు, గాజులు, మెట్టెలు అన్నీ తీసింది గానీ, పుస్తెలతాడు దగ్గర చిన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. చిన్నాన్న బయట బెంచీ మీదే ఉన్నారు పాపం! ఇలా అవుతుందనే నేను దారానికి పసుపుకొమ్ము కట్టి తెచ్చాను. అది మెడలో వేశాకే పుస్తెలు తీసి నా చేతిలో పెట్టింది.

లోపల అరగంట డమడమా చప్పుడు. బయటికి రాగానే ముందు పుస్తెలు అడిగింది, తర్వాతే చాయ్.