సంతకం ఎవరిది?

(నల్లపాడులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తిహక్కు గురించి, గృహహింస గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ ఆస్పత్రిలో జరిగే వొక విషయం మీ ముందు పెడతాను. జబ్బు స్త్రీది. శరీరం ఆమెది. నిర్ణయం మాత్రం వరండాలో జరిగిపోతుంది. డాక్టరు, భర్త, కొడుకులు, అల్లుడు నిలబడి మాట్లాడుకుంటారు. ఆమెకి తెలిసేది ఆపరేషన్ తేదీ వొక్కటే.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. కోల్డ్ స్టోరేజీల దగ్గర ఏళ్ళ తరబడి మిరపకాయలకి తొడిమలు తీసిన మనిషి. షుగరు వుంది. మూత్రంలో రక్తం పడితే గర్భసంచి లోపమనుకుని కొన్నాళ్ళు, ఇన్‌ఫెక్షన్ అని మందులు మింగుతూ మరికొన్నాళ్ళు గడిపింది. చివరికి స్కానింగులో కుడి కిడ్నీలో గడ్డ కనపడింది. కాన్సరే అయివుంటుందన్నారు. "అమ్మకి చెప్పొద్దు, తట్టుకోలేదు" అన్నాడు అన్నయ్య. గడ్డ చిన్నదే కాబట్టి ఆ భాగం వరకే తీసే వీలుందనీ, లేదంటే కిడ్నీ మొత్తం తియ్యొచ్చనీ డాక్టరు చెప్పారు. "మళ్ళీ రాకుండా మొత్తం తీసెయ్యండి" అని అన్నయ్య సంతకం పెట్టాడు. స్త్రీల నిర్ణయాధికారం గురించి వ్యాసాలు రాసే నేను పక్కనే నిలబడి తలూపాను.

నెల తిరక్కుండానే కట్టు మార్చే అమ్మాయి మాటల్లో ఆమెకి తెలిసిపోయింది. నన్ను పిలిచి, "రాయి తీశారన్నారు గదే. కిడ్నీయే తీశారంట. నా వొంట్లోంచి ఏం తీశారో నాకు చెప్పకూడదా?" అంది. భయపడతావని చెప్పలేదన్నాను. "ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టినదాన్ని. నాకు భయం సంగతి నువ్వు చెప్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇరుగుపొరుగు వాళ్ళయితే కిడ్నీ అమ్ముకున్నారా అని కూడా అడిగారట. 2000 ప్రాంతంలో రెంటచింతల వైపు అప్పులపాలైన పత్తి రైతులు కిడ్నీలు అమ్ముకున్న సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. దాచిన చోట ఇలాంటి మాటలే పుడతాయి.

కిడ్నీ మొత్తం తియ్యటం తప్పని నేననటం లేదు. అడిగి వుంటే ఆమె కూడా అదే కోరుకునేదేమో. కానీ అడగలేదు. ఈ జబ్బులో అడగాల్సినవి నిజంగానే వున్నాయి. గడ్డ నాలుగు సెంటీమీటర్ల లోపు వుంటే, వీలైనచోట ఆ భాగం వరకే తీసి మిగతా కిడ్నీని కాపాడతారు. షుగరు, రక్తపోటు వున్నవాళ్ళకి మిగిలిన ప్రతి ముక్కా విలువైనదే. బాగా వయసు మళ్ళినవాళ్ళకీ, ఆపరేషన్ తట్టుకోలేని వాళ్ళకీ కొన్నిసార్లు వెంటనే కొయ్యకుండా, మధ్యమధ్య స్కానింగు చేస్తూ గమనించటం కూడా వొక పద్ధతే.

జబ్బు వేరే చోట్లకి పాకితే లెక్క మారుతుంది. మామూలు కీమోథెరపీ ఈ కాన్సరు మీద పెద్దగా పనిచెయ్యదు. 2006 తర్వాత సునిటినిబ్ లాంటి మాత్రలు, ఆ తర్వాత ఇమ్యునోథెరపీ మందులు వచ్చాయి. ఈ మాత్రలు వాడే కొందరికి అరచేతులు, అరికాళ్ళు మంటపుట్టి తోలు వూడుతుంది. మిరపకాయలతో పనిచేసే స్త్రీకి ఆ మాటకి అర్థం ఏమిటో వరండాలో నిలబడ్డ ఏ మగవాడికి తెలుస్తుంది? ఎంత బాధ భరించగలదో, ఎన్నాళ్ళు పని మానగలదో, మందు కోసం వున్న అరెకరం అమ్మాలో వద్దో ఆమె చెప్పాల్సిన విషయాలు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2002 నాటి వైద్య నియమావళిలో ఆపరేషన్‌కి రాతపూర్వక అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పేచోట ముందు భర్త లేక భార్య, తర్వాత తల్లిదండ్రులు, చివర్లో రోగి వస్తారు! ఆ వరస చాలు, మన స్థానమేమిటో తెలియటానికి. అయితే 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట వున్న తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసు అది. ప్రాణాపాయం లేనప్పుడు, తన నిర్ణయం తాను చెప్పగల వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు స్పష్టం చేసింది. చికిత్స ఏమిటి, ప్రత్యామ్నాయాలేమిటి, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది - ఇవన్నీ రోగికి చెప్పాలంది.

"చదువు లేదు, ఆమెకేం అర్థమవుతుంది?" అంటారు. నూటికి మూడు వడ్డీ లెక్క నోటితో చెప్పే మనిషికి, కిడ్నీలో కొంత తియ్యటమా, మొత్తం తియ్యటమా అన్నది అర్థం కాదా? అర్థమయ్యేలా చెప్పే ఓపిక మనకి లేదనటం నిజాయితీ. అలాగని తెలుసుకోవద్దనుకునే వాళ్ళ మీద వివరాలు రుద్దకూడదు. "నీకెంతవరకు చెప్పమంటావు? ఎవరిని పక్కన వుండమంటావు?" అని ముందు ఆమెనే అడగాలి. చెప్పొద్దన్నా అది ఆమె మాటే.

కార్యకర్తలుగా మనం చెయ్యగలిగినవి వున్నాయి. డాక్టరు దగ్గరికి ఆమెతోపాటు వెళ్ళి, "దయచేసి ఈమెకే చెప్పండి" అనొచ్చు. గడ్డ ఎంత వుంది, ఎన్ని మార్గాలున్నాయి, కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది, రెండో కిడ్నీ ఎలా వుంది, ఖర్చెంత, పనికెప్పుడు వెళ్ళొచ్చు - ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళొచ్చు. రిపోర్టులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే నియమావళిలో వుంది. వాటితో ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో తన చికిత్సకి ఏమేం వర్తిస్తాయో ఆమెకే తెలిసేలా చూడొచ్చు. ఇంట్లోవాళ్ళని శత్రువులుగా చూడక్కర్లేదు. దాచటం వాళ్ళకీ బరువే. అన్నయ్య కూడా ఆ తర్వాత చాలా రాత్రులు నిద్రపోలేదు.

మా పెద్దమ్మ ఇప్పుడు పరీక్షలకి వెళ్ళినప్పుడల్లా రిపోర్టుల సంచి తన వొళ్ళోనే పెట్టుకుంటుంది. డాక్టరు అన్నయ్య వైపు తిరిగితే, "నాకు చెప్పండి బాబూ" అంటుంది. ఆయన చెప్తున్నారు కూడా. ఆ మాట ఆపరేషన్‌కి ముందే అనే అవకాశం ప్రతి స్త్రీకీ దొరకాలి. అది దొరికేలా చూడటం మన పని.